ఊరు విడుచుటకు ముందు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



పల్లెటూళ్లలో ప్రతి యింటను ఏదో యొకనాడు లేచెడి ప్రశ్న యొకటి కలదు. పరీక్షా ఫలితములు వచ్చిననాడు కొందఱి యిండ్లలో లేచును. వానలు తప్పిననాడు కొందఱి యిండ్లలో లేచును. అన్నదమ్ములు పంపకములు చేసికొన్ననాడు మఱికొందఱి యిండ్లలో లేచును. ఉన్న యూరు విడిచి పట్టణమునకు పోవుటా, మానుటా యనునదే ఆ ప్రశ్న. దీనికి సామెతలవలన తీర్పు దొరకదు. ఉన్న యూరు కన్నతల్లి యని యొక సామెత కాలు పట్టుకొని నిలుపును. కూర్చుండి తినిన కొండలైనను కరగునని మఱియొక సామెత వీపు తట్టి సాగనంపును. దూరపు కొండలు నునుపని హెచ్చరించువారికి, నూతిలోని కప్పకు నూయియే లోకమని బదులు చెప్పువారును కలరు. సామెతలు వకీళ్ల వంటివి. ఎవరి పక్షమును వారు వాదించునే గాని తీర్పు చెప్పవు. కనుక ఈ విషయమున లెక్క చూచు పద్ధతియే మేలు. పోవుట మంచిదా, ఉండుట మంచిదా యని యడుగుటకంటె, పోవువాడు ఏ బాకీలతో పోవుచున్నాడు, ఉండువాడు ఏ బాకీలతో ఉండుచున్నాడు అని యడిగినచో దారి కొంత కానవచ్చును.

భారతమున అరణ్యపర్వము చివర యక్షప్రశ్నల ఘట్టము కలదు. లోకమున సంతోషించువాడెవడని యక్షుడు అడుగగా ధర్మరాజు ధనవంతునిగాని, రాజునుగాని చెప్పలేదు. పగటివేళ యైదవ భాగమందో ఆఱవ భాగమందో, ఆలస్యముగానైనను, తన యింట తాను కూరాకు వండుకొనుచు, అప్పు లేక, పరదేశవాసము లేక యుండువాడే సుఖియని వ్యాసుని మూలమందలి సమాధానపు తాత్పర్యము. దీనిని పట్టుకొని ఊరు విడువనే రాదని వాదించుట తొందరపాటగును. అప్పును, పరదేశవాసమును ఒకే మాటలో ప్రక్కప్రక్కన నిలుపుటలోని మర్మమును గమనింపవలెను. లోకమున నూటికి ఎందఱో అప్పుచేతనే పరదేశులగుచున్నారు. ఆ సమాధానము చెప్పినవాడు సయితము ఇల్లు విడిచి పండ్రెండేండ్లు అడవిలో గడపినవాడే. ఆయన ఆలోచించి బయలుదేరలేదు. జూదమున ఒడ్డిన పందెము ఆయనను వెడలగొట్టెను. తమ్ములును, ద్రౌపదియు ఆ బాకీలో భాగస్థులైరి. కనుక ఆయన మాట అనుభవము పలికించిన మాట.

అదే ఘట్టమున ఇంకొక ప్రశ్న కలదు. పరదేశమునకు పోవువానికి మిత్రమేది, ఇంట నుండువానికి మిత్రమేది యని యక్షుడు అడుగును. పోవువానికి తోడి ప్రయాణికుల గుంపు, అనగా సార్థము, మిత్రము. ఇంట నుండువానికి భార్య మిత్రము అని ధర్మరాజు చెప్పెను. ఈ రెండు సమాధానములను కలిపి చూచినచో మూడు ప్రశ్నలు తేలును. అప్పు తఱుమగా పోవుచున్నాడా? తోడెవరు? ఇంట నిలుచువారెవరు? ఊరు విడువదలచినవాడు మొదట వేసికొనవలసిన ప్రశ్నలివి.

అప్పుతో బయలుదేరిన ప్రయాణము ఎట్లుండునో తెలియుటకు పురాణములు తిరుగవేయ నక్కఱలేదు. పందొమ్మిదవ శతాబ్దిలోను, ఇరువదవ శతాబ్ది పూర్వార్ధములోను కోస్తా జిల్లాలనుండి తెలుగువారు వేలకొలదిగా ఓడలెక్కి రంగూనునకు పోయిరి. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవులు వారిని సాగనంపినవి. బర్మాలో తెలుగు కూలీలకు కోరంగీలు అను పేరే నిలిచెను. వారు రేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరవాసులలో సగమునకు మించినవారు భారతీయులే. కూలీలలో పెక్కండ్రు మేస్త్రీ యిచ్చిన బయానా తీసికొని బయలుదేరినవారు. ఓడచార్జీ మేస్త్రీదే, ఇంటివద్ద విడిచిన రొక్కము మేస్త్రీదే. కాబట్టి అక్కడ సంపాదించిన కూలియు మొదట మేస్త్రీ చేతికే పోయెడిది. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టగా వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె ముగిసి బర్మీయులను తొలగింపగా కలహము చెలరేగెను. తెలుగువారనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయగా, ఓడలలో చోటు దొరకని లక్షలాది భారతీయులు 1942లో అరకాను త్రోవను, మణిపురపు త్రోవను కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలిచేతను, రోగములచేతను త్రోవలోనే వేలమంది రాలిపోయిరి. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వము ఏర్పడి, పిమ్మట వ్యాపారములను జాతీయము చేయగా, మిగిలియున్న వారిలోను పలువురు తిరిగివచ్చిరి. విశాఖపట్టణమందలి బర్మా క్యాంపు అను పేట పేరు నేటికిని ఆ కథను జ్ఞప్తికి తెచ్చుచున్నది.

తెలంగాణమున పాలమూరు కూలీల కథయు దీనికి దూరము కాదు. దేశమునందు పలుచోట్ల కాలువలు త్రవ్వి, ఆనకట్టలు కట్టిన చేతులు వారివి. వారును పెక్కుపట్ల మేస్త్రీ ముందుగా ఇచ్చిన రొక్కమునకు కట్టువడి గుంపులుగా పోయినవారే. ఇట్టి కష్టములను చూచియే 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమును చేసిరి. ఆ రెండవ చట్టమున స్థానచలన భత్యమను పద్దు ఒకటి వ్రాయబడెను: నెలకూలిలో సగముగాని, 75 రూపాయలుగాని, ఏది యెక్కువైన అది. ఆ మొత్తము చాలునా, చాలదా యనునది వేరు మాట. ఊరు విడుచుటవలన మనుష్యునకు నష్టము కలుగునని, దానిని ఎవరో ఒకరు భరింపవలెనని శాసనమే ఒప్పుకొన్నది. అయినను 2020 మార్చిలో మహమ్మారి కారణమున రాకపోకలు నిలిచినప్పుడు, నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో నగరములనుండి నడచివచ్చిన కూలీలను చూచి, 1942 కథ విన్న ముసలివారు నిట్టూర్పు విడిచియుందురు. నగరము వారికి పని యిచ్చెను. పని లేనినాడు నిలువ నీడ నియ్యలేదు.

అయితే పోయినవారందఱి కథయు ఇట్లే ముగిసినదనుట సత్యము కాదు. 1931లో నిజాంసాగరము పూర్తియైన తరువాత బోధను ప్రాంతమునకును, 1953లో తుంగభద్ర ఆనకట్ట సిద్ధమైన తరువాత రాయచూరు, బళ్లారి జిల్లాలకును డెల్టా రైతులు తరలిపోయిరి. డెల్టాలో ఒక యెకరము అమ్మిన సొమ్మునకు అక్కడ అనేక యెకరములు వచ్చెడివి. ఒకే యూరివారు, ఒకే బంధువర్గమువారు కలిసిపోయి, ఒక్కచోట ఇండ్లు కట్టుకొనిరి. ఆ వాడలకు క్యాంపులని పేరు. గంగావతి, సింధనూరు ప్రాంతములలో ఆ క్యాంపులు నేటికిని కలవు. ధర్మరాజు చెప్పిన సార్థమనగా ఇదియే. జ్వరము వచ్చిన రాత్రి తలుపు తట్టుటకు ఒక యిల్లుండుట, పిల్లకు సంబంధము చూచుటకు ఒక పెద్ద యుండుట, పంట పోయిన యేట చేబదులు పుట్టుట — ఇవి యేవియు కూలిరేటులో కానరావు; కాని మనుష్యుడు పరాయిచోట నిలుచునది వీనిమీదనే. ఇంకొక పద్దును గూడ విడువరాదు. అక్కడ ఆరుతడి పైరులకు ఉద్దేశించిన నేలలలో వరి విస్తరించుటచేత కాలువ చివరి భూములకు నీరందక ఇక్కట్లు పడిన రైతులును కలరు. పోయినవాని లాభము లెక్కించునప్పుడు, పోయినచోట ముందునుండి యున్నవానికి కలిగిన నష్టమును గూడ లెక్కలోనికి తేవలెను.

ఇక విద్యగలవాని విషయము. పల్లెలో తన విద్యకు విలువ లేదని, నగరమునకు పోయిన గాని రాణింపదని అతడు తలచును. అందు నిజము లేకపోలేదు. శ్రీనాథుడు కొండవీటి రెడ్ల కొలువున విద్యాధికారియై వెలుగొందెను. ఆ రాజ్యము కూలిన పిమ్మట వేఱు ఆశ్రయము వెదకుకొనక తప్పలేదు. విద్యానగరమున ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును గెలిచి కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. రాజమహేంద్రవరము చేరి కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితమిచ్చెను. అంతటివాడు తుదకు కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, ఏటిపోటునకు పైరు పోగా, 700 టంకముల బాకీ తీర్చు దారి తెలియక అవమానముల పాలయ్యెనని ఆయనదిగా చెప్పబడు చాటువు తెలుపుచున్నది. నాటికి ఆదరించిన ప్రభువులు లోకమున లేరు. సన్మానము ఆ యేటి జమయే గాని ముందేటికి నిల్వ కాదని ఈ కథవలన తెలియుచున్నది. నగరమునకు పోవు విద్యావంతుడు బలము తగ్గిన దినములకు ఏమి మిగుల్చుకొనుచున్నాడో మొదటినుండియు చూచుకొనవలెను.

నిలిచినవారికి దృష్టాంతముగా త్యాగరాజస్వామిని చెప్పుదురు. 1767 నుండి 1847 వరకు జీవించిన ఆ మహనీయుడు తంజావూరు ప్రభువగు శరభోజి పిలుపును త్రోసిపుచ్చి తిరువయ్యారునందే నిలిచెనని సంప్రదాయము. కాని ఆయన యింటిపేరు కాకర్ల. పూర్వులు తెలుగునాటినుండి తమిళదేశమునకు తరలిపోయినవారు. ఆయనయు తిరువారూరున పుట్టి, బాల్యమున తండ్రితో తిరువయ్యారు చేరినవాడే. పోయినవారి వంశమున పుట్టినవాడు నిలిచి చూపెను. నిలిచినచోట తెలుగు పాట పాడెను. కనుక పోవుటయు, నిలుచుటయు ఒకదానికొకటి పగవి కావు. శరభోజి కొలువువలన వచ్చునదేమో, పోవునదేమో త్యాగయ్య ఎఱుగును, ఎఱిగి వలదనెను. ఆ యెఱుక లేక ఊర నుండిపోవుట వైరాగ్యమనిపించుకొనదు.

మహాశయులారా, ఈ ప్రశ్న వచ్చినప్పుడు పురుషుని మాత్రమే ఎదుట నిలుపుకొని మాటలాడుట వాడుక. జనాభా లెక్కలు వేఱొక సంగతి చెప్పుచున్నవి. దేశమున పుట్టినచోటు విడిచి వేఱొకచోట నివసించువారిలో స్త్రీలే అధికులు. అందుకు వివాహమే ప్రధాన కారణము. 2001 లెక్కలును, 2011 లెక్కలును ఈ మాటనే చెప్పినవి. పోదువా, ఉందువా యని వారిని అడిగినవారు అరుదు. శాకుంతలము నాల్గవ యంకమున కణ్వాశ్రమము విడుచునప్పుడు, మరల ఈ తపోవనమును ఎన్నడు చూతునని శకుంతల తండ్రిని అడుగును. ప్రతి తెలుగింటి గడపయు ఆ ప్రశ్నను వినియేయున్నది. ఆడుబిడ్డ ఊరు విడుచుట ఆచారము, మగబిడ్డ ఊరు విడుచుట సమస్య యని తలచుట న్యాయము కాదు. కొడుకు పట్టణమునకు పోవునప్పుడు కోడలిని గూడ కూర్చుండబెట్టి ఆమె మాట వినవలెను. ఆమె ఒకసారి అడుగకయే ఊరు విడిచి వచ్చినది గదా.

అట్లు అడుగకయే దూరదేశము చేరి, దానిని వరముగా మార్చుకొన్నవారును లేకపోలేదు. భండారు అచ్చమాంబ 1874లో కృష్ణాజిల్లా సీమలో పుట్టి, బాల్యముననే పెండ్లియై, భర్త యుద్యోగమునుబట్టి మధ్యపరగణాలకు పోయినది. బడి యెఱుగని ఆమె అక్కడ తమ్మునితోపాటు చదువు నేర్చి, పిమ్మట స్వయంకృషిచే పలు భాషలు సాధించి, అబలా సచ్చరిత్ర రత్నమాల రచించినది. 1905లో పిన్నవయసుననే గతించినది. ఆమె నీడలో నాగపురమున చదివిన ఆ తమ్ముడే కొమఱ్ఱాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలయుటకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టుటకును పాటుపడినవారిలో ఆయన ముఖ్యుడు. తెలుగునేల విడిచి పోయిన అక్కాతమ్ములు తెలుగునకు చేసిన సేవ, ఇంట నుండి చేసినవారి సేవకు తీసిపోదు. ప్రతి గ్రంథాలయమును వారికి ఋణపడియున్నది.

ఇంట నిలుచువారి పద్దు కడు బరువైనది. రాముడు పోయెను, సీత వెంబడించెను, లక్ష్మణుడు వెంట నడచెను, ఊర్మిళ మిగిలెను. వాల్మీకి ఆమెను గూర్చి మిక్కిలి తక్కువ చెప్పెను. తెలుగు స్త్రీలు ఆ లోటును సహింపక, ఆమె పదునాలుగేండ్లు నిద్రించినదని ఊర్మిళాదేవి నిద్ర యను పాట కట్టుకొని పాడుకొనిరి. నేడు పల్లెలలో ఊర్మిళలు పెక్కండ్రు. వారిలో ముసలి తల్లులును, తండ్రులును కలరు. పట్టణమునుండి నెలనెలకు సొమ్ము వచ్చును, ఫోనులో మాట వినవచ్చును. కాని కంటిచూపు తగ్గినప్పుడు ఆసుపత్రికి చేయి పట్టి తీసికొనిపోవుట ఫోనువలన జరుగదు. పోవునప్పుడే ఆ భారము ఎవరిదో పేరు పెట్టి ఒప్పగింపవలెను. అన్నయో, చెల్లెలో, ప్రక్కింటివారో దానిని మోయుచున్నచో, అదియు ఋణమే యని ఒప్పుకొనవలెను. సొమ్ము పంపుచున్నాము గదా యను మాట ఆ ఋణమునకు చెల్లుచీటి కాదు.

ఇక భూమి కలవారు చేయవలసిన పనులు కొన్ని కలవు. ఇవి చిన్నవిగా తోచును. వీనిని విడుచుటవలననే పెద్ద వ్యాజ్యములు పుట్టుచున్నవి. గ్రామలెక్కలలో పట్టాదారు పేరు ఒక గడిలోను, అనుభవదారు పేరు వేఱొక గడిలోను వ్రాయుట చిరకాలపు పద్ధతి. ఊరు విడిచినవాని పేరు మొదటి గడిలో నిలిచియుండును. రెండవ గడిలో కాలక్రమమున ఎవరి పేరు చేరుచున్నదో అతడు చూడడు. తాత పేర పట్టా యుండును, తండ్రి గతించును, నలుగురు కొడుకులు నాలుగు పట్టణములలో నుందురు. పట్టా మార్పు, తెలంగాణమున విరాసతు అనునది, ఎవరును చేయించుకొనరు. ఇరువదేండ్లకు మనుమలు వచ్చి గట్టు ఎక్కడని అడుగుదురు; చూపగలవారు అప్పటికి బ్రతికియుండరు. యజమాని హక్కునకు విరుద్ధముగా, బాహాటముగా, ఎడతెగక 12 సంవత్సరములు ఒకడు భూమిని అనుభవించినచో, దానిని తిరిగి రాబట్టుకొను దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టము అడ్డు వచ్చును. కనుక బయలుదేరుటకు ముందే సర్వే చేయించి హద్దురాళ్లు పాతించుట, వారసుల పేరులు ఎక్కించుట, కౌలు మాటను కాగితముమీద పెట్టుట, ఏటికొకసారి వచ్చి లెక్కలు చూచుకొనుట అవసరము. కౌలురైతునకును ఇది మేలే; కాగితము లేని కౌలువలన అతనికి బ్యాంకు అప్పును, పంట పోయినప్పుడు పరిహారమును దొరకుట కష్టము. భూస్వామి పోయినను నేల పోదు; దానిమీద చెమటోడ్చువాడు ఒకడుండును. అతని ఋణమును గూడ పోవువాడు తలచుకొనవలెను.

పోవువానికి చెప్పినట్లే ఉండువానికిని చెప్పవలసినది కలదు. ఊర నుండుటయే పుణ్యమని తలపరాదు. వ్యవసాయము నేర్వక, వ్యాపారము చేయక, తండ్రి పింఛనుమీదనో, అన్న పంపెడి సొమ్ముమీదనో రచ్చబండ కడ కాలము పుచ్చువాడు ఊరిలో నున్నను పరదేశియే. అతడును బాకీదారుడే, ఎవరో కట్టుచున్నారు గనుక అతనికి తెలియుట లేదు. పొలము నడపగలవాడు, బడిలో పాఠము చెప్పగలవాడు, రోగికి మందీయగలవాడు, చేతిపని యెఱిగినవాడు ఊర నిలిచినచో ఊరు నిలుచును. నేటి కాలమున రోడ్డును, ఫోనును ఉండుటచేత పల్లెనుండియే జరుపదగిన పనులును పెరిగినవి. ఉండదలచినవాడు ఎందుకుండుచున్నాడో చెప్పగలుగవలెను. సిగ్గుచేత పోవుటయు, భయముచేత ఉండుటయు రెండును నిర్ణయములు కావు.

పోయి తిరిగివచ్చువానిని గూర్చియు ఒక మాట. కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని పూర్వులు చెప్పుచున్న దినములలోనే ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో సుఖముగా తిరిగివచ్చెను. త్రోవలో చూచినదంతయు వ్రాసిపెట్టెను. యాత్రకు గడువుండును, వలసకు గడువు పెట్టుకొనువారు తక్కువ. మూడేండ్లకో, అయిదేండ్లకో ఒకమారు కుటుంబమంతయు కూర్చుండి, పోయినందువలన వచ్చినదేమి, పోయినదేమి యని చూచుకొనుట మంచిది. తిరిగివచ్చినవానిని ఓడిపోయి వచ్చెనని ఊరివారు ఎత్తిపొడువరాదు. ఆ ఎత్తిపొడుపునకు వెఱచియే నగరములలో ఇరుకుగదులలో ముసలివారగుచున్నవారు కలరు.

గ్రంథాలయమునకు ఈ విషయమున పాత్ర యేమని యెవరైన అడుగవచ్చును. యువకులు ఇక్కడకు వచ్చి పత్రికలలో మొదట తిరుగవేయునది ఉద్యోగ ప్రకటనల పుటయే. అనగా యువకులను ఊరు దాటించు తలుపులలో గ్రంథాలయ మొకటి. దీనికి చింతింప నక్కఱలేదు. చదివి పోవువాడు చదువక పోవువానికంటె మేలుగా మాటలాడును, కాగితము చదివి సంతకము చేయును, మేస్త్రీ లెక్కను తాను వేసి చూచుకొనును. రంగూను పోయిన కూలీకి ఆ పాటి చదువున్నచో కొంత బాకీ తగ్గెడిది. అందుచేత ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయమువారు ఒక పని చేయవచ్చును. పోవువారికొఱకు ఒప్పంద పత్రము చదువుటయు, బ్యాంకు ఖాతా నడుపుటయు, భూమి కాగితములు సరిచూచుకొనుటయు నెలకొక సాయంకాలము ఇక్కడనే బోధింపవచ్చును. ఉండువారికొఱకు, పట్టణములలోని బిడ్డలకు ఉత్తరములు వ్రాయలేని తల్లులకు చదువు చెప్పవచ్చును. దూరమున నున్న సభ్యులు చందా మానక పంపినచో ఆ సొమ్ముతో ఈ పనులు సాగును.

ఊరు విడువదలచిన యువకులారా, యువతులారా, బాకీలను తీర్చి పొండు. తీర్చలేనిచో ఎవరికెంతయో వ్రాసి పొండు. ఆ కాగితము ఇంటిలో పెద్దలకు తెలిసిన చోట నుంచి పొండు. పోవువారికి త్రోవ క్షేమమగు గాక. ఉండువారికి పని దొరకు గాక. ఈ గ్రంథాలయము ఇరువురికిని తలుపు తెఱచియుంచు గాక. స్వస్తి.